మూడువందల పన్నెండు కుడిచేతులు

నా కుడిచెయ్యి ప్రస్తుతం మూడువందల పన్నెండు ఊళ్ళలో ఉంది. మిగతా నేను ఇక్కడే, మా ఇంటి వరండాలో నులకమంచం మీద కూర్చుని కాఫీ కోసం ఎదురుచూస్తున్నాను. నవ్వకండి. నేను చెప్పే గేదెల కథల్లో సగం మీరు కోసి పక్కన పడేసుకోవచ్చు, ఏమీ అనుకోను. ఇది మాత్రం ఆ సగంలోది కాదు.

నా పేరు వెలుగొండయ్య. పశువుల ఆసుపత్రిలో ముప్పై ఎనిమిదేళ్ళు సహాయకుడిగా చేసి దిగిపోయాను. చదివింది మా ఊరి బళ్ళో ఎనిమిదో తరగతి దాకా. నాకు పట్టుబడిన విద్య ఒక్కటే. భుజందాకా తొడుగేసుకుని, గేదె వెనక నిలబడి, చెయ్యి లోపలికి పంపి, పేగు గోడ మీదుగానే గర్భసంచిని తడిమి, చూడిదో కాదో, చూడిదైతే ఎన్నో నెలో చెప్పడం. ఒకసారి కంభం దగ్గర అలా చెయ్యి పెడితే లోపలి దూడ నా వేలు పట్టుకుని వదల్లేదు. మూడేళ్ళ తర్వాత అదే దూడ సంతలో నన్ను గుర్తుపట్టి వెంటపడింది.

"నీ చేతికున్న నిజం నీ నోటికి లేదు," అంటుంది మా ఆవిడ ఆదెమ్మ, ఈ కథ విన్నప్పుడల్లా.

నా చేతికి రెండు అలవాట్లున్నాయి. పని మొదలుపెట్టేముందు గేదె తొడమీద మూడుసార్లు తట్టి, "అమ్మా, నేనే" అంటాను. పరాయి చెయ్యి అని అది బెదరకుండా. పని మంచిగా అయితే ఒక పట్టు ముక్కుపొడి పీలుస్తాను. చెడితే ఆ పూట డబ్బీ ముట్టను. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తాయి.

మాకు ఇరవై మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ పశువిద్యా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడివాళ్ళు ఫోన్లోనే చదువుకునే డిప్లొమా ఒకటి పెట్టారు. నల్లమల గూడేల నుంచి గోదావరి లంకల దాకా మూడువందల పన్నెండు మంది చేరారు. ఫోన్లో గేదెని చూపించొచ్చు, గేదె బొమ్మ గీసి చూపించొచ్చు. గేదె లోపలికి చెయ్యి పెడితే ఎట్టా ఉంటుందో ఎట్టా చూపిస్తారు? అక్కడ ఆగిపోయింది వాళ్ళ చదువు.

ఆ ముడి విప్పింది రిజ్వానా. నాతోపాటు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసిన ఖాసిం కూతురు. ఆ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ బడికి బయటి పనిముట్లను అతికించడం ఆమె ఉద్యోగం. ఒకరోజు పొద్దున్నే సంచీతో దిగింది.

"మామా, నీ కుడిచెయ్యి కావాలి."

"కోసుకుపోతావా, ఇక్కడే వాడుకుంటావా?"

సంచీలోంచి బూడిదరంగు తొడుగు తీసింది. అచ్చం మేం వాడే పొడుగు తొడుగే, కానీ లోపల ఆవగింజలంత గుండ్లు వేలకొద్దీ కుట్టి ఉన్నాయి. నేను తొడుక్కుంటే నా చేతికి తెలిసినదంతా ఆ గుండ్లు పట్టుకుంటాయట. అలాంటి తొడుగే వేసుకున్న పిల్లల చేతుల్ని, అదే చోట, అంతే మెత్తగా నొక్కుతాయట. నా చెయ్యి ఎటు తిరిగితే వాళ్ళ చేతుల్నీ అటే నడిపిస్తాయట.

"తొడుగు చెయ్యడం తేలికే మామా. దీన్ని మా బడిలోకి పంపడమే కష్టం. బయటినుంచి ఏ పనిముట్టు వచ్చినా గుమ్మంలో నిలబెట్టి మూడు అడుగుతుంది. ఎవరు నువ్వు, ఏ తరగతికి వచ్చావు, తిరిగి ఏం మార్కులు పంపుతావు."

"పెళ్ళి పందిట్లో మీరు మగపెళ్ళివారా, ఆడపెళ్ళివారా అని అడిగినట్టు."

"అట్నే. గురువని చెప్పుకుంటే నీ చెయ్యి ఇస్తుంది. శిష్యుడని చెప్పుకుంటే పుచ్చుకుంటుంది. ఒక తరగతికి గురువు ఒక్కడే. రెండూ ఒకేసారి కుదరదు."

ఆదెమ్మ కాఫీ తెచ్చి రిజ్వానా చేతికి ఇచ్చింది. గ్లాసు పొగలు కక్కుతోంది. ఆ పిల్ల రెండు వేళ్ళతో గ్లాసు అడుగు పట్టుకుని అలాగే మాట్లాడుతోంది.

"చెయ్యి కాలటం లేదా నీకు?" అంది ఆదెమ్మ.

రిజ్వానా గ్లాసు కింద పెట్టింది. "ఈ రెండు వేళ్ళకీ ఏమీ తెలీదత్తా. మొదట్లో నా మీదే పరీక్ష చేసుకున్నా. పుచ్చుకునేవైపు ఒత్తిడి అంకె పెంచుకుంటూ పోయా. ఎనిమిది దాటాక నరం చచ్చిపోయింది. అందుకే పిల్లలందరికీ అంకె రెండు దాటకుండా బిగించేశా. వాళ్ళకేం కాదు. ఇచ్చే చేతికి అసలే కాదు."

ఆదెమ్మ నా కుడిచెయ్యి తీసుకుని తన నెత్తిమీద పెట్టుకుంది. "పుచ్చుకునేవైపు పోనని ఒట్టెయ్యి. ఈ చెయ్యి మొద్దుబారిందంటే ఇంక నీ దగ్గర మిగిలేది నోరొక్కటే. దాంతో నేను వేగలేను."

ఒట్టేశాను.

పదిరోజుల పాటు నలభై గేదెల్లో చెయ్యి పెట్టాను. రిజ్వానా యంత్రం నా చేతి కదలికలన్నీ చూసి, ఏది ముందు ఏది వెనక అని తనే పదిహేడు మెట్లుగా విడగొట్టుకుంది. పిల్లలు ఇంటి దగ్గర రబ్బరు గేదె మీదో, నిజం గేదె మీదో ఆ మెట్లన్నీ వరసగా చేస్తే, చేసిన ప్రతి మెట్టుకీ మార్కు వెళ్ళి బడి పట్టికలో పడుతుంది. అదీ ఏర్పాటు.

ప్రారంభం రోజున డీన్ వామనమూర్తి గారు తనే తొడుగు వేసుకుని రబ్బరు గేదె ముందు నిలబడ్డారు. గోడ మీద తెరలో మూడువందల పన్నెండు మంది పిల్లలు తొడుగులేసుకుని తయారు. పాఠం మొదలైంది. అందరూ ఒక్కసారిగా మూడు తట్లు తట్టారు. డీన్ గారి కళ్ళు పెద్దవయ్యాయి.

"ఓహో! ఇదేనా గర్భసంచి? వెచ్చగా ఉందయ్యా! అబ్బ, జారిపోతోంది... ఆ, దొరికింది!"

నలభయ్యేళ్ళు పుస్తకంలో చెప్పిన పాఠం ఆయన చేతికి మొదటిసారి తెలిసింది. చిన్నపిల్లాడిలా గెంతులేశారు. పదిహేను మెట్లూ అయ్యాయి. అప్పుడు ఆయన చెయ్యి బయటికొచ్చి, తుడుచుకుని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, నేరుగా ముక్కు దగ్గరికి వెళ్ళి, గట్టిగా పీల్చింది. తెరమీద మూడువందల పన్నెండు మంది పిల్లలూ పీల్చారు. గాలే పీల్చినా డీన్ గారు మాత్రం పద్ధతిగా తుమ్మారు.

"రిజ్వానా! ఏమిటిది?"

ఆ పిల్ల నావైపు చూసింది. నేను పైకప్పు చూశాను. పదిరోజులూ తొడుగు విప్పకుండానే ముక్కుపొడి పట్టు పట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నలభై గేదెల తర్వాత నలభైసార్లు చేశాను కాబట్టి యంత్రం దాన్నీ వైద్యంలో భాగమే అనుకుని పదిహేడో మెట్టుగా రాసుకుంది. తీసేద్దామంటే పాఠ్యప్రణాళిక ఆమోదమైపోయింది, మండలి మళ్ళీ కూర్చునేది ఆర్నెల్ల తర్వాత. దాంతో ఆ ఏడు పశువైద్యంలో పూర్తి మార్కులు రావాలంటే ముక్కుపొడి పీల్చక తప్పలేదు.

"పనంతా బాగా అయిందనుకుంటేనే పీల్చండర్రా," అని పిల్లలకి చెప్పాను. "చెడితే ముట్టొద్దు. అదీ నియమం." తప్పు నాదే అయినా పాఠం సక్రమంగా చెప్పాలిగా!

ప్రతి గురువారం పదకొండింటికి సందేహాల తరగతి. నేను విశ్వవిద్యాలయం గదిలో తొడుగేసుకుని కూర్చునేవాణ్ణి, పక్కన రిజ్వానా. శ్రావణమాసంలో ఒక గురువారం తెరమీద ఒక ముఖం వణుకుతూ కనిపించింది. గోదావరి లంకలో ఉండే అమ్మాయి, వీరవేణి. ఎప్పుడూ మొదటి వరసలో ఉండే పిల్ల.

"తాతగారండీ, మా గేదెండి, నిన్న సాయంత్రం నుంచి నొప్పులు పడతందండి. దూడ రాటల్లేదండి."

"ఎన్నో ఈత?"

"తొలిచూలండి. డాక్టరుగారికి ఫోన్ చేశామండి. వరదకి పడవలాపేశారండి. రాలేనన్నారండి."

"చెయ్యి పెట్టి చూశావా తల్లీ?"

"పెట్టానండి. లోపల దారంతా ముడుచుకుపోయిందండి. తడిబట్ట పిండినట్టుందండి."

నాకర్థమైంది. గర్భసంచి మెలిపడింది. అలాంటప్పుడు గేదెని పడుకోబెట్టి, కాళ్ళు కట్టి, పొట్టమీద బల్లచెక్క వేసి దానిమీద మనిషిని నిలబెట్టి దొర్లించాలి. మెలి ఎటుంటే అటే దొర్లించాలి. అటు దొర్లిస్తే విప్పుకుంటుంది. ఇటు దొర్లిస్తే ఇంకా బిగుస్తుంది, గేదే దూడా రెండూ దక్కవు.

"మెలి ఎటుంది? కుడికా, ఎడమకా?"

"కుడికేమోనండి... కాదండి, ఎడమకండి... నాకు తెలటల్లేదు తాతగారండీ!" ఆ పిల్ల ఏడ్చేసింది.

పదింటిలో తొమ్మిది కుడికే పడతాయి. కుడికి దొర్లించెయ్యమని నోటిదాకా వచ్చింది. పదోది అయితే? అంతలో తెరమీది బొమ్మ గడ్డకట్టి, చెరిగిపోయి, మాట ఒక్కటే మిగిలింది. అదీ తెగుతూ అతుకుతూ ఉంది.

"బొమ్మ ఇంక రాదు మామా," అంది రిజ్వానా మెల్లగా. "దానికి బండి పట్టేంత దారి కావాలి. స్పర్శకి కాలిబాట చాలు, అదొక్కటే..." ఉన్నట్టుండి నోరు మూసుకుంది. అనకూడని మాట అన్నానని ఆమెకీ తెలిసింది, వినవలసిన మాట విన్నానని నాకూ తెలిసింది.

"ఆ పిల్లని గురువుని చెయ్యి. నన్ను శిష్యుణ్ణి చెయ్యి."

"వద్దు మామా. ఈ సన్నదారిలో రెండు దగ్గర నీకేం తెలీదు. పెంచాల్సొస్తుంది."

"పెంచు."

"ఎనిమిది దాటితే నా వేళ్ళేమయ్యాయో చూశావుగా! నీది చెయ్యంతా పోతుంది. అత్తకి ఒట్టేశావు."

ఫోన్ తీసి ఇంటికి కలిపాను. "ఆదెమ్మా, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాలే. లంకలో ఒక గేదెకి మెలిపడింది. ఎటో తెలియాలంటే నేను పుచ్చుకునేవైపు పోవాలి."

అవతల ఏదో వేగుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఆగింది. స్టవ్ కట్టేసినట్టుంది.

"ఎన్నో ఈత?" అంది.

"తొలిచూలు."

అవతల గిన్నె దించిన చప్పుడు.

"మరి ఫోన్ పట్టుకుని కూర్చున్నావేంది? కానీ తొందరగా!" అని పెట్టేసింది.

రిజ్వానా పట్టికలో రెండు పేర్లు తారుమారు చేసింది. వీరవేణి, గురువు. వెలుగొండయ్య, శిష్యుడు. నాకెదురుగా తెరమీద నా పేరు పక్కన 'కొత్త విద్యార్థికి స్వాగతం' అని పువ్వులతో సహా వచ్చింది.

"వీరవేణీ, చెయ్యి లోపలికి పెట్టమ్మా. నువ్వేం చెప్పొద్దు. నేను వస్తున్నా."

రెండు దగ్గర, చేతిమీద చీమ పాకినట్టుంది. నాలుగు దగ్గర, వెచ్చదనం. ఆరు దగ్గర, అయ్యా, నేను లంకలో ఉన్నాను! ఆ పిల్ల వేళ్ళ వణుకు నా వేళ్ళలో ఉంది. గేదె నొప్పి పట్టినప్పుడల్లా నా మణికట్టు నలిగిపోతోంది. గురువు మారిపోయింది కాబట్టి తక్కిన మూడువందల పదకొండు మందికీ ఆ స్పర్శ పలచగా వెళ్ళిందట. దర్శిలో ఒక కుర్రాడు తొడుగుతోనే అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి నిలబడ్డాడని తర్వాత చెప్పారు.

"తెలిసిందా మామా?"

"మెలి అంచు దొరకటం లేదు. ఇంకా."

"ఏడు. ఎనిమిది. మామా, ఇంక ఆపుదాం."

"ఇంకా!"

తొమ్మిది. భుజం నుంచి గోళ్ళదాకా నిప్పుతాడు గుంజినట్టయింది. ఆ మంట మధ్యలో, మడతమీద మడత, జారుతూ, తిరుగుతూ... దొరికింది. ముప్పై ఎనిమిదేళ్ళలో నా చెయ్యి అంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. మెలి అంచుని పైనుంచి కిందికి ఒకటే గీతలా పట్టుకుని పోయాను. అది ఎడమకి తిరిగింది! పదోది! అదుగో, మెలికి అవతల చిన్న గిట్ట, అదీ కదిలింది!

"ఎడమ! ఎడమకి దొర్లించండమ్మా! దూడ బతికుంది!"

జవాబు లేదు. మాట కూడా తెగిపోయింది.

"వినపడలేదు మామా! ఆ పిల్ల కుడి అనుకుంటే?"

"మళ్ళీ నన్ను గురువుని చెయ్యి!"

పేర్లు మళ్ళీ తారుమారయ్యాయి. నా చెయ్యి అప్పటికే నాది కాదు, కట్టెపుల్లలా వేలాడుతోంది. తెలియకపోయినా కదులుతుంది కదా, అది చాలు. గాలిలో మూడు తట్లు తట్టి, చేతిని ఎడమకి తోశాను. మళ్ళీ మూడు తట్లు, మళ్ళీ ఎడమకి. మూడోసారి భుజంతో సహా తోశాను. మూడువందల పన్నెండు ఇళ్ళలో మూడువందల పన్నెండు చేతులు ఎడమకి తిరిగాయి.

ఆ తర్వాత చెయ్యడానికేమీ లేదు. తెర నల్లగా ఉంది. పది నిమిషాలు. పదిహేను. రిజ్వానా గోళ్ళు కొరుక్కుంటోంది. ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచింది.

"మామా! మార్కు పడింది!"

ఆన్‌లైన్ బడి గుమ్మంలో పనిముట్టు ఒప్పుకున్న మూడో షరతు ఉందిగా, తిరిగి మార్కులు పంపాలని. బొమ్మ రాకపోయినా, మాట రాకపోయినా, ఆ ఒక్క అంకె ఎలాగో వరద దాటి వచ్చింది. వీరవేణి, మొదటి మెట్టు, పూర్తి. అంటే గేదెని దొర్లించి, తొడమీద మూడుసార్లు తట్టి, మళ్ళీ చెయ్యి పెట్టి చూస్తోందన్నమాట!

రెండో మెట్టు. మూడు. నాలుగు. పక్కగది వాళ్ళంతా వచ్చి మా వెనక నిలబడ్డారు. డీన్ గారు చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చారు. తొమ్మిది. పది. అక్కడ ఆగిపోయింది.

"ఏమైందయ్యా?" అన్నారు డీన్ గారు.

"దూడని లాగుతున్నప్పుడు మార్కులెట్టా వస్తాయండీ? ఊరుకోండి," అన్నాను. నాకేమీ తెలియదు, ధైర్యానికన్నాను.

పదకొండు, పన్నెండు గబగబా వచ్చాయి. పదహారు. చెయ్యి కడుక్కుని తుడుచుకోవడం అది. అది పని చెడినా చేస్తారు. మిగిలింది పదిహేడోది. గదిలో అందరూ తెరమీదికి వంగారు. పని చెడితే ముట్టొద్దని ఆ పిల్లకి నేనే చెప్పాను. ముట్టకపోతే ఇంతే సంగతులు.

టక్కున అంకె మారింది. పదిహేడో మెట్టు, పూర్తి.

"ముక్కుపొడి!" అని అరిచారు వామనమూర్తి గారు, పాఠ్యప్రణాళికా మండలి అధ్యక్షులు. "ముక్కుపొడి పీల్చిందయ్యా!" నన్ను కావలించుకున్నారు. రిజ్వానా ఏడుస్తూ నవ్వుతోంది. గంట తర్వాత వీరవేణి ఫోన్ కలిసింది. "ఆడదండీ, పడ్డదూడండీ! నుంచుందండీ! పాలు తాగేత్తందండీ!"

సందడి సద్దుమణిగాక తొడుగు విప్పి, జేబులోంచి డబ్బీ తీసి, వేళ్ళు పెట్టాను. పొడి ఉందో లేదో తెలియలేదు. వేళ్ళు కలిశాయో లేదో కూడా చూసుకుంటే గానీ తెలియలేదు. ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి పీల్చాను. ఘాటు తగిలింది. పోనీలే, ముక్కు మిగిలింది.

రిజ్వానా చూసింది. తన మొద్దువేళ్ళతో నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇద్దరికీ తెలియలేదు.

ఆ నెలాఖరున పోస్టులో మార్కుల జాబితా వచ్చింది. పదకొండు నిమిషాలు శిష్యుడిగా ఉన్నందుకు బడి నాకూ పరీక్ష పెట్టి దిద్దేసింది. పదిహేడింటికి సున్నా. ముక్కుపొడిలో కూడా తప్పాను. 'విద్యార్థి మరింత శ్రద్ధ చూపవలెను' అని కింద రాసి ఉంది. ఆదెమ్మ దాన్ని క్యాలెండరు పక్కన మేకుకి తగిలించి, వచ్చినవాళ్ళందరికీ చూపించింది. వాళ్ళు వెళ్ళాక నా చేతికి నువ్వులనూనె రాసేది. రోజూ రాసింది. స్పర్శ తిరిగి రాలేదు. మా గేదె ఎదకొచ్చి, దాటించి నాలుగు నెలలవుతున్నా, చూడి కట్టిందో లేదో నేను చూడలేను. ఇంకొకణ్ణి పిలవడానికి నాకు మనసొప్పలేదు. ఆదెమ్మ అడగనూ లేదు.

నిన్న పొద్దున వరండాలో ఇక్కడే కూర్చుని ఉన్నాను. విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకోవడానికి వచ్చిన వీరవేణి గేటు తీసుకుని వచ్చింది. తెరమీద చూసినదానికంటే పొట్టి పిల్ల. కాళ్ళకి మొక్కబోతే, "ముందు కొట్టంలోకి పో, ఒకళ్ళు నీకోసం ఎదురుచూస్తున్నారు," అన్నాను. సంచీ మంచం మీద పడేసి, చేతులు కడుక్కుని వెళ్ళింది. తొడుగు మామూలుదే, గుండ్లూ గిండ్లూ ఏమీ లేవు.

వంటింట్లో ఆదెమ్మ. పిల్ల రావడం ఆమె చూడలేదు.

కొట్టంలోంచి మూడు తట్లు వినిపించాయి. అదే బరువు, అదే ఎడం. రెండోదానికీ మూడోదానికీ మధ్య నేను కొంచెం ఆగుతాను, ఆ ఆగడం కూడా అదే.

"ఏమయ్యో!" వంటింట్లోంచి కేక. "ఆ చేత్తో ఏం తెలుస్తుందని మళ్ళీ దాని దగ్గరికి పోయావు? వద్దంటే వినవా?"

"నేనిక్కడే ఉన్నానే," అన్నాను.

గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసింది. నా ఒళ్ళో ఊరికే పడున్న కుడిచెయ్యి చూసింది. కొట్టం వైపు చూసింది. చాలాసేపు అటునుంచి ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత ఎవరో గట్టిగా గాలి పీల్చారు.

"నాలుగో నెల తాతగారండీ!"

ఆదెమ్మ గరిటె దించింది. "మరి అక్కడున్న చెయ్యెవరిది?"

"నాదేనే," అన్నాను. "కాస్త వయసు తగ్గింది, అంతే."